మూడో మేకు

2019 మార్చిలో మేం ఫ్లోరిడాలోని టాంపాలో ఇల్లు కొన్నప్పుడు తెలిసినవాళ్ళంతా మూడే ప్రశ్నలు అడిగారు. తూర్పు ముఖమేనా? స్కూలు బాగుంటుందా? ఎంతకొచ్చింది? ఇన్స్యూరెన్స్ ఎంత పడుతుందని ఒక్కరూ అడగలేదు. మాకూ ఆ ఆలోచన రాలేదు.

ఇల్లు 1974లో కట్టింది. క్యారల్‌వుడ్ వైపు, 1,850 చదరపు అడుగులు. సిమెంటు బ్లాకు గోడలు, వాటి మీద కప్పుని మోసే చెక్క చట్రాలు, ట్రస్సులు అంటారు, ఆపైన ప్లైవుడ్, దాని మీద పెంకుల్లా పరిచే తారు షింగిల్స్. కప్పు నాలుగువైపులా వాలుగా దిగుతుంది. ముందు వరండా మీద మాత్రం రెండు పేకముక్కలు ఆనించి నిలబెట్టినట్టు త్రికోణంగా లేచి ఉంటుంది. ఆ వరండా చూసే నేను ఇల్లు ఒప్పుకున్నాను. అవనిగడ్డలో మా అమ్మమ్మ వాళ్ళింటి అరుగు గుర్తొచ్చింది. ఆ త్రికోణం సంగతి తర్వాత చెబుతాను.

ధర 2,85,000 డాలర్లు. అదే సైజు కొత్త ఇల్లు కావాలంటే ఇంకో 50 వేలు పెట్టాలి. గోడలు గట్టివే కదా, పాతదైతే ఏంటి అనుకున్నాం. మొదటి ఏడాది ఇన్స్యూరెన్స్ 1,640 డాలర్లు. ఇక్కడ లోను ఉన్న ఇంటికి పన్నూ, ఇన్స్యూరెన్సూ బ్యాంకే కడుతుంది. నెలనెలా మన దగ్గర కొంత వసూలు చేసి ఎస్క్రో అనే ఖాతాలో వేసుకుంటుంది. దాంతో ఆ అంకె మన కంటికి కనబడదు. 2020లో అది 2,050 అయింది. 2021లో 2,780. ఎస్క్రోలో డబ్బు తక్కువ పడింది, నెలకింత పెంచుతున్నాం అని బ్యాంకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. మేం వాటిని ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోతూనే ఉన్నాం.

నేను ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇన్స్యూరెన్స్ కంపెనీలతోనే నా పంచాయితీ. వీళ్ళ తెలివితేటలన్నీ నాకు తెలుసన్న పొగరు కొంచెం ఉండేది. 2022 వేసవిలో అది దిగిపోయింది.

ఆ ఏడాది ఫ్లోరిడాలో ఇళ్ళ ఇన్స్యూరెన్స్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మా కంపెనీ కూడా ఆ వరసలో పోయింది. వచ్చిన ఉత్తరంలో విషయం రెండు వాక్యాలే: కంపెనీ లిక్విడేషన్‌లోకి వెళ్ళింది, 30 రోజుల్లో మీ పాలసీ రద్దవుతుంది. పాలసీ లేకపోతే బ్యాంకు ఊరుకోదు. తనే ఎక్కడో ఒక పాలసీ తీసుకుని ఆ బిల్లు మన నెత్తిన వేస్తుంది. దాని రేటు మామూలు కంటే బాగా ఎక్కువ. పైగా అది కాపాడేది ముఖ్యంగా బ్యాంకు డబ్బుని. మన మంచాలూ టీవీలూ దానికి పట్టవు.

ఆఫీసులో ఒకామె చెబితే ఒక ఏజెంటుకి ఫోన్ చేశాను. ఎన్ని బెడ్‌రూములు, స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడుగుతుందనుకున్నాను. ఆవిడ మొదటి ప్రశ్న, "రూఫ్ ఎప్పుడు వేశారు?" 2006 అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండో ప్రశ్న, "కరెంటు ప్యానెల్ ఏ కంపెనీది?" గరాజ్‌లోకి వెళ్ళి ఫోటో తీసి పంపాను. ఐదు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. ఆ ప్యానెల్ గోడకు ఉన్నంతకాలం ఏ కంపెనీ మా ఇంటి జోలికి రాదట. ఆ కాలంలో ఒకటి రెండు కంపెనీల బ్రేకర్లు అవసరమైనప్పుడు ట్రిప్ కావని, మంటలు లేస్తాయని పేరు పడిపోయాయి. మూడేళ్ళుగా ఆ గోడకే మా పిల్లల సైకిళ్ళు ఆనించి పెడుతున్నాం.

ఆవిడ చెప్పిన తర్వాతే నాకు ఒక సంగతి అర్థమైంది. ఫ్లోరిడాలో ఇళ్ళు రెండు జాతులు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన హోమ్‌స్టెడ్ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. కప్పులు లేచిపోయిన విధానం చూశాక కట్టుబడి నియమాలన్నీ మళ్ళీ రాశారు. 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ అమలవుతోంది. దాని తర్వాత కట్టిన ఇల్లు ఒక జాతి, ముందు కట్టింది ఇంకో జాతి. కొత్త ఇంటికి కోడే సాక్ష్యం. పాత ఇల్లు మాత్రం తన మంచితనాన్ని ఒక్కో మేకు లెక్కన నిరూపించుకోవాలి.

మరి గోడలు గట్టివి కదా అంటే, గాలి గోడల్ని పడగొట్టే లోపే కప్పుని పైకి లేపుతుంది. కప్పు లేచిందంటే వాన లోపలికి. ఆ తర్వాత గోడ ఎంత గట్టిదైనా లోపల మిగిలేది ఏమీ ఉండదు.

పాత ఇంటికి రెండు తనిఖీలు. ఒకటి ఫోర్ పాయింట్. రూఫు, కరెంటు, నీళ్ళ పైపులు, ఏసీ, ఈ నాలుగూ చూస్తారు. ఇంట్లో చెత్త ఉందా, గోడకు రంగు పోయిందా అనేది వాళ్ళకు అక్కర్లేదు. రెండోది విండ్ మిటిగేషన్. గాలికి ఈ ఇల్లు ఎంతవరకు ఆగుతుందో చూసి 1802 నంబరు ఫారం నింపుతారు. మొదటిది మన ఇంటికి పాలసీ ఇవ్వవచ్చా లేదా అని తేలుస్తుంది. రెండోది ప్రీమియంలో ఎంత తగ్గించాలో తేలుస్తుంది. రెండూ కలిపి ఒకేసారి చేయించుకుంటే మాకు 175 డాలర్లు అయింది.

ఇన్స్పెక్టరు పెద్దాయన. మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని వచ్చాడు. ఫోర్ పాయింట్ గంటలో అయిపోయింది. పైపులు రాగివి కాబట్టి బతికిపోయాం. 80ల్లో, 90ల మొదట్లో వేసిన బూడిదరంగు ప్లాస్టిక్ పైపులుంటే అదొక పెద్ద గొడవ అన్నాడు. ఏసీ కొత్తదే. ప్యానెల్ మార్చాలి. రూఫ్ ఇంకో మూడేళ్ళు వస్తుంది అని రాశాడు. ఆ "మూడేళ్ళు" దగ్గరే మా కథ చెడింది. 2022 మే నెలలో చేసిన చట్టం ప్రకారం, 15 ఏళ్ళు దాటిన రూఫ్‌కి కనీసం ఐదేళ్ళ ఆయుష్షు ఉందని ఇన్స్పెక్టరు రాస్తే, వయసొక్కటే సాకుగా చూపి కంపెనీ కాదనడానికి లేదు. ఇంకో రెండేళ్ళు కలిపి రాయండి సార్ అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగినా ఆయన రాసే మనిషిలా లేడు.

ఏజెంటు 11 కంపెనీల్లో ప్రయత్నించింది. తొమ్మిది కాదన్నాయి. ఒకటి 6,900 అంది, ఇంకోటి అంతకన్నా ఎక్కువ. చివరికి సిటిజెన్స్‌కి వెళ్ళాం. అది 2002లో రాష్ట్రమే పెట్టిన సంస్థ. బయట ఎవరూ తీసుకోని ఇళ్ళను తీసుకోవడం దాని పని. ముందు ప్యానెల్ మార్చాలన్నారు. ఎలక్ట్రీషియన్, పర్మిట్, ఒక రోజంతా కరెంటు లేకపోవడం, మొత్తం 2,400 డాలర్లు. సెప్టెంబరు మొదటి వారంలో పాలసీ వచ్చింది. ఏడాదికి 3,900.

ఆ నెల చివర్లోనే ఇయాన్ తుఫాను వచ్చింది. తుఫాను దగ్గరపడి వాచ్, వార్నింగ్ అనే హెచ్చరికలు ప్రకటించాక ఇక్కడ కొత్త పాలసీలు రాయడం ఆపేస్తారు. మేం ఇంకో మూడు వారాలు తాత్సారం చేసి ఉంటే ఆ గేటు బయటే నిలబడేవాళ్ళం. టాంపా మీదికే వస్తుందన్నారు. చివర్లో దక్షిణానికి తిరిగి సెప్టెంబరు 28న కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. ఆ రోజు గాలి నీళ్ళను బయటికి తోసేయడంతో టాంపా బే అనే అఖాతం అడుగుభాగం బయటపడింది. బేషోర్ బులెవార్డ్ పక్కన జనం బురదలో దిగి ఫోటోలు దిగారు. ఆ వీడియో నాన్నకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నీళ్ళు వెనక్కి పోయిన చోటికి ఎవరన్నా వెళ్తారా? వెళ్ళొద్దని చెప్పు వాళ్ళకి," అని కేకలు. మా నాన్నది దివిసీమ. దాని సంగతీ వస్తుంది.

గాలివాన తగ్గాక ఒక ఆదివారం కూర్చుని ఆ 1802 ఫారం మొత్తం చదివాను. ఆఫీసులో క్లెయిమ్ ఎందుకు కొట్టేశారో వెతికినట్టు వెతికాను. పాలసీ మొదటి పేజీలో ప్రీమియం రెండు ముక్కలుగా ఉంటుంది, హరికేన్ భాగం, మిగతా భాగం. మాకు 3,900లో హరికేన్ వాటా రెండున్నర వేలకు దగ్గర. ఈ ఫారంలో వచ్చే తగ్గింపులన్నీ ఆ వాటా మీదే. మాకు వచ్చిన తగ్గింపు దాదాపు సున్నా.

కప్పు ఆకారం దగ్గర మొదటి దెబ్బ. నాలుగువైపులా వాలు ఉన్న కప్పుకి మంచి తగ్గింపు ఉంది, గాలి దాని మీద నుంచి జారిపోతుంది కాబట్టి. మాది అదే కదా! కానీ ఆకారం మారిన భాగం మొత్తం చుట్టుకొలతలో 10 శాతం దాటకూడదు. మా కప్పు చుట్టుకొలత 210 అడుగులు. నేను మనసుపడ్డ వరండా త్రికోణం 24 అడుగులు. 11.4 శాతం. మూడడుగులు తక్కువున్నా సరిపోయేది. ఇన్స్పెక్టరు "ఇతరములు" అన్న గడిలో టిక్కు పెట్టాడు.

రెండో దెబ్బ అటకలో. ట్రస్సుని గోడకు దేనితో కట్టారన్నది ఫారంలో పెద్ద ప్రశ్న. ఏటవాలుగా మేకులు మాత్రమే కొట్టి ఉంటే అది అన్నిటికన్నా కింది మెట్టు. ఇనుప పట్టీ ఉంటే ఒక మెట్టు పైన. ఆ పట్టీ ట్రస్సు మీదుగా అవతలి పక్కకు చుట్టుకుని ఉంటే ఇంకా పైన. మా ఇంటికి పట్టీలున్నాయి. కానీ పట్టీగా లెక్కలోకి రావాలంటే దాన్ని ట్రస్సుకి కనీసం మూడు మేకులు పట్టి ఉండాలి. మాకు రెండే. ఇన్స్పెక్టరు తీసిన ఫోటోలో స్పష్టంగా ఉంది. తుప్పు రంగు తిరిగిన పట్టీ, దానికి నాలుగు చిల్లులు, రెండింట్లో మేకులు, రెండు ఖాళీ. 1974లో ఎవరో పనివాడు పట్టీకి రెండేసి కొట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు. ఆ రోజుల్లో అది తప్పేం కాదు, ఎవరూ మూడు కొట్టమని అతనికి చెప్పలేదు. 48 ఏళ్ళ తర్వాత ఆ ఖాళీ చిల్లికి నేను డబ్బు కడుతున్నాను.

ఫారంలో ఇంకో మెలిక ఏంటంటే, ఇంట్లో అన్నిటికన్నా బలహీనమైన కట్టునే ఇల్లు మొత్తానికి లెక్కేస్తారు. కిటికీలకూ అంతే. తుఫాను షట్టర్లు అన్నిటికీ పెట్టి బాత్‌రూమ్ కిటికీ ఒక్కటి వదిలేస్తే తగ్గింపు లేదు. అందుకే కిటికీల జోలికి మేం పోలేదు. అన్నీ మార్చడానికి 23 వేలు అడిగారు.

ఇక్కడ మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇల్లు గాలికి తట్టుకునేలా చేసుకునేవాళ్ళకు మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ అని రాష్ట్రప్రభుత్వ పథకం ఉంది. అర్హత ఉంటే మనం పెట్టే ఒక్కో డాలరుకు వాళ్ళు రెండు ఇస్తారు, 10,000 దాకా. తనిఖీ ఉచితం. కానీ వాళ్ళు ఒప్పుకోకముందే మొదలుపెట్టిన పనికి పైసా రాదు. మా ఆయన ఒక రూఫింగ్ వాళ్ళతో మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేసి, పని మొదలయ్యాక నాకు ఈ పథకం సంగతి తెలిసింది. ఆ వారం మా ఇంట్లో మాటలు తక్కువ.

2023 మే నెలలో రూఫ్ వేయించాం. 19,800 డాలర్లు. పొద్దున ఏడింటికి తొమ్మిది మంది దిగారు. మధ్యాహ్నానికి పాత షింగిల్స్ మొత్తం కింద చెత్త ట్రక్కులో ఉన్నాయి. కప్పు మీద ప్లైవుడ్ తప్ప ఏమీ లేదు, పైన ఆకాశంలో మబ్బులు. నాలుగు పలకలు చీకిపోయాయని మార్చారు, వాటికి వేరే బిల్లు. తర్వాత ప్లైవుడ్‌ని ట్రస్సులకు మళ్ళీ మేకులతో బిగించారు, ఒంటి మీద రింగుల్లాంటి గట్లున్న పొడవాటి మేకులు, ఆరంగుళాలకొకటి. దాని మీద అతుక్కునే పొర ఒకటి పరిచారు. షింగిల్స్ ఎగిరిపోయినా నీళ్ళు లోపలికి దిగకుండా అది ఆపుతుంది. ఫారంలో దానికీ ఒక గడి ఉంది.

మూడో మేకు సంగతి ఒప్పందంలో లేదు. ముందురోజు రాత్రి నేను ఆ ఫోటో ప్రింటు తీసి ఉంచాను. పొద్దున సూపర్‌వైజరుకి చూపించి, ఈ ఖాళీ చిల్లులో మేకు కొట్టగలరా అన్నాను. అతను ఫోటో వైపు, నా వైపు చూసి నవ్వాడు. ఈ మధ్య ఇలా అడిగేవాళ్ళు ఎక్కువయ్యారట. చూరు వెంట కింది వరస ప్లైవుడ్ లేపితే పట్టీలు పైనుంచే చేతికందుతాయి, రూఫ్ వేశాక అయితే అటకలో పాక్కుంటూ పోవాలి, ఇప్పుడే మంచిది అన్నాడు. 950 డాలర్లు అదనం. మేకుల డబ్బా ఖరీదు ఎనిమిది డాలర్లుంటుంది. మా ఆయన బేరం ఆడబోతే నేను కళ్ళతోనే ఆపాను.

నిచ్చెన ఎక్కి చూరు దగ్గర నిలబడి చూశాను. ఒక కుర్రాడు బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి కొడుతున్నాడు. ఒక్కో పట్టీకి మూడు దెబ్బలు. కొట్టిన ప్రతిదానికీ ఫోటో తీయమన్నాను. అక్కడక్కడ పక్కన టేపు పెట్టి తీయించాను. నాలుగు మూలల దగ్గరా ఒక్కటి కూడా వదలొద్దని రెండుసార్లు చెప్పాను. "మేడమ్, మీరు ఇన్స్పెక్టరా?" అని అడిగాడు. కాదు, బిల్లింగ్ అన్నాను. అతనికి అర్థం కాలేదు.

మళ్ళీ తనిఖీ, మళ్ళీ అదే పెద్దాయన. అటకలోంచి దిగొచ్చి చొక్కా దులుపుకుంటూ, "ఇప్పుడు మూడున్నాయి" అన్నాడు. సెప్టెంబరు రెన్యువల్ 4,370 కావాల్సింది 2,990 అయింది. ఏడాదికి 1,380 తగ్గింది. 20 వేలు పెట్టి 1,380 మిగిల్చుకోవడం ఏం లెక్క అని మా ఆయన అన్నాడు. నిజమే, ఆ లెక్కన 15 ఏళ్ళు పడుతుంది. అప్పటికి మళ్ళీ రూఫ్ వేసే టైమొస్తుంది. కానీ రూఫ్ ఎలాగూ తప్పదు. ఒక్క మేకు వాటా ఎంత అని ఏజెంటుని విడిగా లెక్క వేయించాను. 400 చిల్లర. అంటే ఆ 950 రెండున్నరేళ్ళలో తిరిగొచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన తెలివైన ఖర్చు అదొక్కటే.

అమ్మయ్య అనుకుని రెండు నెలలు కాలేదు, ఇంకో ఉత్తరం. సిటిజెన్స్ తన పాలసీలను ప్రైవేటు కంపెనీలకు అప్పజెప్పే కార్యక్రమం ఒకటి ఎప్పుడూ నడుపుతూ ఉంటుంది. 2022 డిసెంబరులో చేసిన చట్టం ప్రకారం, సొంతంగా ఉండే ఇంటికి ప్రైవేటు కంపెనీ అడిగే ధర సిటిజెన్స్ ధరకు 20 శాతం లోపు ఎక్కువైతే మనం అక్కడ ఉండడానికి లేదు. మాకు వచ్చిన ఆఫరు 3,420. అంటే 14 శాతం ఎక్కువ. వెళ్ళక తప్పలేదు. ఇలాంటి ఉత్తరాలకు జవాబివ్వకపోతే మనల్ని ఎవరో ఒకరికి అప్పజెప్పేస్తారు. కాబట్టి ఫ్రిజ్ మీద పెట్టే అలవాటు మా ఇంట్లో మానేశాం. ఎక్కువ కట్టడానికి మనసొప్పలేదు కానీ, చివరికి నష్టం వచ్చి సిటిజెన్స్ దగ్గర డబ్బు చాలకపోతే దాని పాలసీదారుల మీదే ముందు అదనపు వడ్డన పడుతుందన్న భయం తీరింది.

ఆ చలికాలం అమ్మా నాన్నా వచ్చారు. పాలసీ కాగితాలు టేబుల్ మీద పరిచి ఉంటే నాన్న ఇదంతా ఏంటమ్మా అని కూర్చున్నాడు. ఒక్కో పేజీ చెప్పాను. గాలికి కప్పు పోతే ఇస్తారు, చెట్టు విరిగి పడితే ఇస్తారు, రూఫ్ చిరిగి ఆ దారిలో వాన పడితే ఇస్తారు. "సముద్రం వస్తే?" అన్నాడు. ఇవ్వరు నాన్నా, కింద నుంచి వచ్చే నీళ్ళు వేరు, దానికి ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, మన ఇల్లు వరద జోన్‌లో లేదు కాబట్టి బ్యాంకు అడగలేదు అన్నాను.

నాన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. 1977 నవంబరు 19 రాత్రి ఆయనకు 24 ఏళ్ళు. దివిసీమ ఉప్పెన గురించి ఆయన మామూలుగా మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు. "గాలి సాయంత్రం నుంచే కొట్టింది. కప్పులు ఎగిరిపోతే ఎగిరిపోయినియ్యి, జనం గోడల పక్కన కూచుని ఉన్నారు. ఆ జనాన్ని తీసుకుపోయింది నీళ్ళమ్మా. గాలి కాదు. మీ కంపెనీ గాలికి ఇచ్చి నీళ్ళకి ఇవ్వనంటే అది ఇన్స్యూరెన్స్ ఎట్లయిద్ది?"

నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఈ రెండింటినీ విడగొట్టి చాలాకాలమైంది. వరద ఇన్స్యూరెన్స్ 1968లో పెట్టిన ఫెడరల్ పథకం కింద వస్తుంది. ఇంటికి గరిష్ఠంగా 2,50,000, సామాన్లకు 1,00,000. కొన్న రోజు నుంచి 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు, కాబట్టి టీవీలో తుఫాను కనబడ్డాక పరుగెత్తితే లాభం లేదు. మా ఇంటికి ఏడాదికి 690 చెప్పారు. సముద్రానికి ఇంత దూరంలో ఉండి ఎందుకని నాకు అనిపించింది. మా ఆయన మాత్రం, "మామయ్యగారు చెప్పాక కూడా ఆలోచిస్తావా?" అని ఆ రాత్రే కట్టేశాడు. అడ్వాన్సు విషయంలో పోయిన పరువు అలా కొంత తెచ్చుకున్నాడు.

2024 సెప్టెంబరు 26న హెలీన్. అది తీరం దాటింది ఎక్కడో ఉత్తరాన, పెర్రీ ఊరి దగ్గర. టాంపాకి గాలి పెద్దగా లేదు. కానీ బే నీళ్ళు లేచి ఒడ్డున ఉన్న కాలనీల్లోకి వచ్చాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో షోర్ ఏకర్స్ అనే చోట మా స్నేహితుల ఇల్లు ఉంది. నడుం లోతు నీళ్ళు. లోను తీరిపోయిన ఇల్లు కాబట్టి బ్యాంకు బలవంతం లేదు, రెండేళ్ళ కింద ఫ్లడ్ పాలసీ ఆపేశారు. రూఫ్ మీద ఒక్క షింగిల్ కదల్లేదు. వారం తర్వాత వెళ్తే ఫ్రిజ్, సోఫాలు, పెళ్ళి ఆల్బమ్, పూజగది చెక్క మందిరం అన్నీ రోడ్డు పక్కన కుప్పగా ఉన్నాయి. ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఏం మాట్లాడాలో తెలియక పులిహోర డబ్బా చేతికిచ్చి వచ్చాను.

ఇంకా ఆ కుప్పలు తీయకముందే అక్టోబరు 9న మిల్టన్. సరసోటా దగ్గర సియెస్టా కీలో తీరం దాటింది. ఆ రాత్రి మేం నలుగురం హాల్లో కిటికీలు లేని మూల పరుపులు వేసుకుని పడుకున్నాం. రెండింటికి కప్పు ఊపిరి తీసినట్టు కిర్రుమని శబ్దం. మళ్ళీ. మళ్ళీ. పిల్లలు నిద్రపోయారు. నేను మనసులో ఒకటి రెండు మూడు అని మేకులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. దేవుడి పేరు తర్వాత గుర్తొచ్చింది. ఆ రాత్రే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ట్రాపికానా స్టేడియం కప్పు చిరిగి పీలికలైపోయింది.

తెల్లారి చూస్తే మా రూఫ్ ఉన్నది ఉన్నట్టే ఉంది. ఫెన్సు పడిపోయింది. వెనక దోమతెర గది మెలికలు తిరిగిపోయింది. వరండా త్రికోణం కింద పలకలు ఊడి, ఆ సందులోంచి వాన దిగి ముందుగది సీలింగ్ పాడైంది. కరెంటు ఐదు రోజులు లేదు.

క్లెయిమ్ వేశాను. హరికేన్‌కి డిడక్టిబుల్, అంటే ముందు మనం భరించాల్సింది, వేరుగా ఉంటుంది, మాది 2 శాతం. రెండు శాతం అంటే చిన్నదిగా వినబడుతుంది. కానీ అది నష్టంలో రెండు శాతం కాదు, ఇంటిని ఇన్స్యూర్ చేసిన మొత్తంలో రెండు శాతం. ఇంటిని మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చుని బట్టి ఆ మొత్తం వేస్తారు, మనం కొన్న ధరని బట్టి కాదు. మాకది 4,12,000. దాంట్లో రెండు శాతం 8,240 డాలర్లు. అంతవరకు మనమే భరించాలి. సర్వేకి వచ్చినతను ఫెన్సు, సీలింగ్, పలకలు కలిపి 4,200 వేశాడు. దోమతెర గదికి విడిగా కవరేజీ కొనుక్కోలేదు కాబట్టి అది సున్నా. దాన్ని మళ్ళీ వేయించడానికి 4,100. చేతికి ఒక్క డాలరు రాలేదు.

అయినా క్లెయిమ్ వేయడం తప్పు కాలేదు. ఫ్లోరిడాలో హరికేన్ డిడక్టిబుల్ ఏడాదికి ఒకసారే, జనవరి నుంచి డిసెంబరు దాకా. మొదటి తుఫానుకి మనం పెట్టిన ఖర్చు వాళ్ళకు తెలియజేసి ఉంటే అదే ఏడాది రెండో తుఫాను వస్తే అది కలుస్తుంది. సీజను నవంబరు 30 దాకా ఉంటుంది. రశీదులన్నీ ఒక కవర్లో పెట్టాను. ఇంకేం రాలేదు, ఆ కవరు అలాగే ఉంది.

2025 రెన్యువల్ 3,390. ఆరేళ్ళలో మొదటిసారి నా ప్రమేయం లేకుండా 30 డాలర్లు తగ్గింది. ఫ్లడ్ 745 అయింది, కట్టాను. 1802 ఫారం ఐదేళ్ళే చెల్లుతుంది. 2028 మే అని ఫోన్‌లో రిమైండరు పెట్టుకున్నాను.

మిగిలింది ఆ వరండా. దాని త్రికోణం తీసేసి వాలుగా మార్చడానికి 13,500 అడిగారు. మారిస్తే ఏడాదికి 260 తగ్గుతుందని ఏజెంటు అంది. వద్దనుకున్నాం. ఈ చలికాలం నాన్న మళ్ళీ వచ్చినప్పుడు మా ఆయన కాఫీ తాగుతూ, "మూడడుగులు తక్కువుంటే సరిపోయేది మామయ్యగారూ" అని కథంతా చెప్పాడు. నాన్న కాఫీ కప్పు కింద పెట్టి, వాళ్ళు సరిగ్గా కొలిచారో లేదో అన్నాడు. గరాజ్‌లోంచి టేపు తెప్పించి, నిచ్చెన పట్టుకోమని అల్లుణ్ణి నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు తనే కొలిచాడు.

"రెండంగుళాలు ఎక్కువే ఉంది. ఎవరికీ చెప్పమాకండి," అని టేపు చుట్టేశాడు.